చప్పుడు చేయని బండి

లాల్‌దర్వాజా గల్లీల్లో పెరిగినవాళ్లు వెనక్కి తిరిగి చూడరు. ఏ బండి వస్తోందో వాళ్ల చెవులే చెబుతాయి. ఆటో అయితే ఓ అడుగు పక్కకి, ట్రాలీ అయితే గోడకి అతుక్కోవడమే. శ్రవణ్‌కుమార్‌కి ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ లెక్క తప్పలేదు. ఆ ఆదివారం తప్పింది.

భుజాన పసుపు గంప పెట్టుకుని గోదాము నుంచి తమ పూజాసామాను దుకాణానికి వస్తున్నాడు. ఎందుకో అనుమానమొచ్చి తిరిగాడు కదా, మోకాళ్లను ముద్దుపెట్టుకునేంత దగ్గరలో తెల్లటి కారు! ఉలిక్కిపడ్డాడు, గంప ఒరిగింది. కారు ముందుభాగమంతా నలుగు పెట్టిన పెళ్లికూతురిలా పచ్చబడింది.

"ఏంది మేడమ్, దొంగ లెక్క వస్తున్నరు? హారన్ కొట్టరాదా?"

అద్దం దిగింది. లోపల పెద్ద పెద్ద కళ్ల పిల్ల. "కొడితే జడుసుకుని గంప పడేస్తారేమోనని కొట్టలేదండీ."

"ఇప్పుడు పడలేదా మరి?"

"పడింది. ఈసారి కొడతాలెండి."

కోపం రావాల్సినవాడికి నవ్వొచ్చింది. అక్కడే మొదలైంది చూడండి అసలు సంగతి.

ఆ పిల్ల నీహారిక. కోస్తా నుంచి వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డవాళ్ల అమ్మాయి, కరెంటు కార్లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు; చప్పుడు చేయని ఆ తెల్లకారూ అక్కడిదే. వాళ్లమ్మ పసుపు కుంకుమ తెమ్మంటే వచ్చింది. దుకాణం గుమ్మంలో కూర్చున్న శ్రవణ్ నానమ్మ రుక్మిణమ్మ, "తుడవకు బిడ్డా, బండి మీద పసుపు పడ్డదంటే మంచి శకునం" అంది.

శకునం సంగతేమో గానీ, ఆదివారమొస్తే చాలు, లొల్లి. శ్రవణ్‌కి ఓ పెట్రోలు కారుంది. తనే విప్పి బిగించి, ఊరి బయట రేసు ట్రాక్ మీద పరిగెత్తిస్తుంటాడు. అది స్టార్టయితే గల్లీలో సగం కిటికీలు గజగజలాడతాయి.

"మీది కారు కాదు మేడమ్, చక్రాలు పెట్టిన సెల్‌ఫోను."

"మీది గొంతు సవరించుకునేలోపు నాది మలుపు తిరిగిపోతుందండీ."

"ఒక్క మలుపు! పది రౌండ్లు కొట్టి చూడున్రి. బ్యాటరీ బరువుకు టైర్లు అరుగుతయి, వేడెక్కి మూలుగుతది."

"చూద్దామా?"

"చూద్దాం!"

ఆ 'చూద్దాం' అలాగే చాలా ఆదివారాలు వాయిదా పడింది. ఇద్దరికీ తొందరలేదు మరి. ఇంతలో ఓ వారం నీహారిక మొహం చిన్నబుచ్చుకుని వచ్చింది. "మా ఆఫీసువాళ్లు పుణె వెళ్లమంటున్నారు. ఇక్కడే ఉంటానన్నా సరేనట. సోమవారానికి ఏదో ఒకటి చెప్పాలి."

శ్రవణ్ కడుతున్న పసుపు పొట్లం మళ్లీ విప్పాడు. పోవద్దని అనడానికి తనెవరు? చివరికి అన్నాడు: "అయితే ఈ శనివారమే ట్రాక్ మీదికి పోదాం. గెలిస్తే మిమ్మల్ని ఒక్క మాట అడుగుత."

"ఓడితే?"

"ఓడితే అడగ."

శనివారం పొద్దున్నే రుక్మిణమ్మ మహంకాళి గుడి దగ్గర నుంచి రెండు దండలు తెచ్చింది. వేలెడు మందాన బంతిపూలు, మధ్యమధ్య వేపమండలు. రెండు కార్ల ముందూ తన చేత్తో కట్టింది. "మళ్లీ మన గుమ్మం కాడికి వచ్చేదాంక విప్పొద్దు. అమ్మవారి కాపు."

శ్రవణ్ తలూపాడు. ఎప్పుడూ ఊపుతాడు. నయాపూల్ వంతెన దాటగానే విప్పి వెనక సీట్లో పడేస్తాడు, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కడతాడు. ఆ రోజూ అంతే చేశాడు.

జెండా ఊగీ ఊగకముందే తెల్లకారు మాయం. చప్పుడు లేదు, గేరు లేదు, విల్లు వదిలిన బాణం. శ్రవణ్ గేర్లు మారుస్తూ మొదటి మలుపుకి చేరేసరికి ఆమె రెండో మలుపులో ఉంది. "ఔరా!" అనుకున్నాడు. కానీ నాలుగు రౌండ్లయ్యాక దూరం తగ్గసాగింది. బరువైన బండి మలుపుల్లో బయటికి జారుతోంది. ఏడో రౌండుకి అలిసిన ఎద్దులా నెమ్మదించింది. శ్రవణ్ దాటేశాడు. గెలుపు కళ్ల ముందుంది.

అద్దంలో చూశాడు. తెల్లకారు ముక్కు నిండా పచ్చగా, గాలికి అతుక్కుపోయిన నానమ్మ దండ! బ్యాటరీని చల్లబరిచే గాలి లోపలికి పోవాల్సింది సరిగ్గా అక్కడి నుంచే.

ఆఖరి రౌండులో గెలుపు గీతకి బారెడు దూరంలో శ్రవణ్ బండి ఆగిపోయింది. కాదు, ఆపాడు.

నీహారిక మెల్లగా వచ్చి పక్కన ఆపింది. "ఏమైందండీ?"

"దండ ఎందుకు ఇప్పలే?"

"మామ్మగారు వద్దన్నారుగా."

"ఇంజినీరువి గదా, గాలికి అడ్డమని తెల్వదా?"

"తెలుసు. పది రౌండ్లకి ఓర్చుకుంటుందనుకున్నా." తల వంచుకుంది. "అయినా దండ లేకపోయినా ఆఖరికి వేడెక్కేదేలే. ఒకటి రెండు రౌండ్లకైతే నాదే, పదికి నీదే. గెలుపు నీదే. అడుగు."

"మా నానమ్మ మాట నువ్వు నిలబెట్టినవ్. నేను నయాపూల్ కాడనే ఇప్పేసిన. ఏ మొహం పెట్టుకుని అడుగుత? అడగ."

నీహారిక కారు దిగి అతని కిటికీ దగ్గరికి వచ్చింది. ఆకాశం తుంపర రాల్చడం మొదలుపెట్టింది.

"సరే, నేనే అడుగుతా. మా ఇంట్లో రెండేళ్లకి సరిపడా పసుపు పోగైంది. ప్రతి ఆదివారం ఎందుకు కొంటున్నావే అని మా అమ్మ నిలదీస్తోంది. ఏం చెప్పమంటావ్?"

శ్రవణ్ నోట వచ్చింది ఒక్కటే: "పుణె పోకు."

"అది జవాబు కాదు."

"నువ్వంటే నాకు మస్తు ఇష్టమని చెప్పు మీ అమ్మకు."

"ఆ, ఇది జవాబు. సోమవారం మా ఆఫీసుకీ ఇదే చెప్పనా?" అని కిలకిలా నవ్వింది.

సాయంత్రం రుక్మిణమ్మ గుమ్మంలోంచి లేచి వచ్చి రెండు దండలూ తడిమి చూసింది. "శ్రవణ్‌గా, నాది ఎడమచెయ్యి ముడి. నీ బండికి ఇన్నేండ్ల సంది కుడిచెయ్యి ముడే వస్తున్నది. ఎన్నడు దొరకననుకున్నవ్?"

వాడు తల గోక్కున్నాడు. ముసలమ్మ వాడిపోయిన పువ్వొకటి తుంచి నీహారిక జడలో తురిమింది. "మీ అమ్మానాయనలను రేపు తోలుకరా బిడ్డా. మాట్లాడాలె."

మర్నాడు గల్లీలోకి ముందు పెట్రోలు కారు వచ్చింది, అందరినీ పక్కకి జరిపిస్తూ, కిటికీలు అదరగొడుతూ. దాని వెనక నీహారిక కుటుంబంతో తెల్లకారు, పిల్లిలా. జనమంతా దారిచ్చి నిలబడ్డారు.

రుక్మిణమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఎదురొచ్చింది. "గిట్లుండాలె. ముందుగాల బ్యాండు, ఎనుక పెండ్లిపిల్ల."