ఉడుత పెట్టిన కాపలా

ఉడుత మూడో కాపలావాణ్ణి కూడా కంప్యూటర్‌లోకి దింపి కుర్చీలో వెనక్కి వాలింది. తెర కింది మూలన మూడు డాళ్లు వరసగా వెలిశాయి. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలం, ఒకటి ఎర్రగా మెరిసిపోతున్నది.

"ఇక రమ్మను, ఏ వైరస్ వస్తుందో చూస్తా," అంది తనలో తాను.

"ఇంతకీ ఇది ఇల్లా, బ్యాంకా? ముగ్గురు కాపలావాళ్లు దేనికి?" అని గుమ్మం దగ్గర్నుంచి వినబడింది. అన్నయ్య. పొడుగు కాళ్లు, సన్నటి మెడ. ఇంట్లో అందరూ కొంగ అంటారు. బడి రిలే జట్టులో చివర పరిగెత్తేది వాడే.

"నీకేం తెలుసు, పరిగెత్తడం తప్ప?"

"మూడు యాంటీవైరస్‌లు పెట్టమని మీ కంప్యూటర్ మేడమ్ చెప్పిందా?"

"పెట్టొద్దని చెప్పలేదు," అంది ఉడుత. ఆ మాట అనేటప్పుడు మాత్రం కళ్లు కిటికీ వైపు తిప్పుకుంది.

తనకు ఉడుత అనే పేరు ఊరికే రాలేదు. ఏది దొరికినా రెండోది, మూడోది దాచుకుంటే గానీ నిద్ర పట్టదు. బడి సంచి తీసి దులిపితే పెన్సిళ్ల దుకాణం పెట్టుకోవచ్చు. ఒకటి ఉంటే బెంగ, రెండు ఉంటే ధైర్యం, మూడు ఉంటే నిశ్చింత. ఇదీ ఉడుత లెక్క.

ఆ కంప్యూటర్ ఆడుకునేది కాదు, అమ్మకు అన్నం పెట్టేది. అమ్మ దాని మీద బొమ్మలు గీస్తుంది. గీసిన బొమ్మను కంప్యూటర్ పక్కగదిలోని ఎంబ్రాయిడరీ మిషనుకు పంపుతుంది. మిషను సూది టకటకమంటూ గుడ్డ మీద ఆ బొమ్మను కుట్టేస్తుంది. మొన్నామధ్య ఏదో ఉచిత క్యాలెండర్ అని దింపుకుంటే, దాని తోక పట్టుకుని ఇంకేదో దూరింది. పుట్టలోంచి చీమల్లా ప్రకటనలు మొదలయ్యాయి. రిపేరు చేసేవాడు వచ్చి అంతా శుభ్రం చేసి, పోతూ పోతూ ఒక మాట అన్నాడు.

"మంచి యాంటీవైరస్, గూఢచారి ప్రోగ్రామ్‌లను పట్టేది, ఒక ఫైర్‌వాల్ చూసి పెట్టుకోండమ్మా. తలుపులు బార్లా తీసిపెట్టి దొంగను తిడితే ఏం లాభం?"

అమ్మ ఆ పని ఉడుతకు అప్పజెప్పింది. "మీ క్లాసులో ఇదే పాఠం నడుస్తోందిగా. నువ్వే ఎంచి పెట్టు తల్లీ."

ఆ మాటకు ఉడుత ఒక అడుగు ఎత్తు పెరిగింది.

పాఠం బాగానే గుర్తుంది. యాంటీవైరస్ లోపల దూరిన రోగాన్ని పట్టుకుంటుంది. యాంటీస్పైవేర్ మన గుట్టు బయటికి మోసేవాళ్లను పట్టుకుంటుంది. ఫైర్‌వాల్ గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ ఆపి, రానివ్వాలా వద్దా అని మనల్ని అడుగుతుంది. మేడమ్ ఆ తర్వాత కూడా ఏదో చెప్పింది గానీ, అప్పటికే ఉడుత బుర్ర వీటిని ఎక్కడెక్కడ పోగుచెయ్యాలా అని బయల్దేరిపోయింది.

నీలం డాలు, ఆకుపచ్చ డాలు వాటిని తయారుచేసిన కంపెనీల సైట్లలోనే దొరికాయి. మూడోది వెతుకుతుంటే తెర మీద ఎర్రటి కిటికీ ఒకటి టపటపా కొట్టుకుంది. "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. ఉచిత రక్షణ కోసం ఇక్కడ నొక్కండి." అడక్కుండా సాయం చేస్తానంటే కాదనడం ఏం మర్యాద అనుకుని ఉడుత నొక్కేసింది. ఎర్ర డాలు వచ్చి కూర్చుంది.

ఇక మిగిలింది ఫైర్‌వాల్. అది పనిలోకి దిగిన దగ్గర్నుంచీ ఒకటే గోల. ఫలానా ప్రోగ్రామ్ బయటికి పోతానంటోంది, పోనివ్వాలా, ఆపాలా? ఫలానాది లోపలికి వస్తానంటోంది, రానివ్వాలా, ఆపాలా?

సరిగ్గా అప్పుడే వీధి గుమ్మం దగ్గర కూడా ఎవరో వచ్చారు. నానమ్మ గొంతు ఖంగున మోగింది.

"ఎవరు? ఎవరి తాలూకు? ఏం పని?"

ఆ ఇంట్లో ఇది రోజూ ఉండే భాగోతం. తలుపు తీస్తే అమ్మ పనిగది కనబడుతుంది. దారపు కండెలు, గిరాకీ గుడ్డలు అన్నీ అక్కడే. అందుకని నానమ్మ గడప పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పకుండా పురుగును కూడా రానివ్వదు. బస్సు డ్యూటీ దిగి వచ్చే నాన్న కూడా, "నీ కొడుకుని, ఈ ఇంటి తాలూకు, ఆకలి పని మీద వచ్చాను," అని చెప్పే లోపలికి రావాలి.

"కొరియర్ అండీ బామ్మగారూ. నిన్న వచ్చింది కూడా నేనేగా."

"నిన్నటి సంగతి నిన్ననే అయింది నాయనా. ఇవాళ దేనికొచ్చావు?"

ఉడుత నొసలు చిట్లించింది. ఇన్ని ప్రశ్నలడిగే ఓపిక ఎవరికుంది? అందరినీ ఆపేస్తే ఒక్క దెబ్బతో పోలా? తెర మీద కిటికీ రావడం, ఉడుత 'ఆపు' నొక్కడం. ఇంకోటి రావడం, మళ్లీ 'ఆపు'. చదవడం కూడా మానేసింది. ఈగలు తోలినట్టు సరదాగా ఉంది.

కాసేపటికి అమ్మ బజారు నుంచి వచ్చింది. చేతిలో బంగారు రంగు దారం. ఆ సాయంత్రం ఆటల మాస్టారు వస్తారు. రిలే జట్టు చొక్కాలన్నిటికీ రెక్కల బూటు బొమ్మ కుట్టి ఇస్తానని అమ్మ మాటిచ్చింది. రేపు పొద్దున్నే పందెం. బడి నుంచి అమ్మకు వచ్చిన మొదటి పని ఇదే. ఇది నచ్చితే వచ్చే ఏడాది బడి పిల్లలందరి చొక్కాల మీదా అమ్మ పనే ఉంటుందని మాస్టారు అన్నారు.

అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. మౌసు కదిపితే తెర మీద బాణం జ్వరమొచ్చిన నత్తలా పాకింది.

"ఏంటే ఇది, ఇవాళ ఇలా నీరసించింది?"

బొమ్మ తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. అమ్మ మిషనుకు పంపింది. తెర మీద ఒక ముక్క వచ్చింది. 'మిషను కనబడటం లేదు.' వైరు పీకి మళ్లీ పెట్టింది. మిషను ఆపి మళ్లీ వేసింది. అదే మాట. అమ్మ ముఖంలో రంగు మారింది. మిషను మెకానిక్‌కు ఫోన్ చేస్తే, వేరే ఊళ్లో ఉన్నాననీ రెండ్రోజుల దాకా రాలేననీ చెప్పాడు.

"మిషను పాడైంది," అంది అమ్మ, ఫోన్ పెట్టేస్తూ.

చొక్కా ఒకటి ఒళ్లో వేసుకుని, సూదిలో బంగారు దారం ఎక్కించి చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. కొంగ ఏ వేళాకోళమూ ఆడకుండా పక్కన కూర్చుని, ఇంకో సూదికి దారం ఎక్కించి ఇస్తున్నాడు. వాడు అంత బుద్ధిగా ఉండటం చూస్తే ఉడుతకు ఇంకా భయం వేసింది.

"బొమ్మ లేకపోయినా పరిగెడతాంలే అమ్మా," అన్నాడు కొంగ.

"పరిగెత్తేది మీరు. మాటిచ్చింది నేను," అంది అమ్మ, తల ఎత్తకుండా.

చదవకుండా ఆపేసిన ఆ కిటికీల్లో ఒకదాని మీద సూది బొమ్మ ఉన్నట్టు ఉడుతకు ఇప్పుడు గుర్తొస్తోంది. మిషను పాడైందని అమ్మ అనుకుంటోంది. అనుకోనిస్తే తననెవరూ ఏమీ అనరు. నోరు మూసుకుంటే చాలు.

అమ్మ వేలికి సూది గుచ్చుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, తీసి, మళ్లీ కుట్టసాగింది. ఒక బూటుకు ఒక రెక్క కూడా పూర్తి కాలేదు.

"అమ్మా," అంది ఉడుత. "మిషనుకేం కాలేదు."

"నీకెలా తెలుసు?"

"నేనే దాన్ని గుమ్మం దగ్గర ఆపేశాను. ఫైర్‌వాల్ అడిగింది. నేను చదవకుండా 'ఆపు' నొక్కాను."

"దాన్నొక్కదాన్నేనా?" అన్నాడు కొంగ.

"అందరినీ."

కొంగకు నవ్వు ఆగలేదు. అమ్మ మాత్రం నవ్వలేదు. సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టి, కూతురి ముఖంలోకి చూసింది.

"మధ్యాహ్నం నుంచీ నా మిషను చచ్చిపోయిందని ఏడుపొక్కటే తక్కువ నాకు. ఆపావు సరే. ఇంతసేపూ చెప్పలేదేం?" అంది. ఉడుత కాళ్ల వేళ్లు చూసుకుంది. అమ్మ గొంతు కాస్త తగ్గించింది. "ఇప్పటికైనా చెప్పావు. మీ మేడమ్‌కు ఫోన్ చెయ్యి. ఆవిడకూ ఇదే చెప్పు, సగం మింగకుండా."

ఉడుత మింగకుండానే చెప్పింది. మూడు డాళ్ల సంగతి వినగానే అవతల చిన్న దగ్గు వినబడింది. మేడమ్ నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

"ఆ రోజు పాఠం చివర ఏం చెప్పాను?"

"వినలేదు మేడమ్."

"యాంటీవైరస్ ఒక్కటి చాలని చెప్పాను. మూడింటిని ఒకే గుమ్మానికి కాపలా పెడితే ఒకరినొకరు దొంగ అనుకుని కాలర్లు పట్టుకుంటారు. కంప్యూటర్ సత్తువంతా ఆ కుస్తీకే పోతుంది. అందుకే పాకుతోంది."

"మరి ఏది ఉంచమంటారు మేడమ్?"

"అది నువ్వే తేల్చుకో. కొత్తవాళ్లను ఇంట్లోకి రానిచ్చే ముందు ఏం అడుగుతారో అవే అడుగు."

ఉడుత బిక్కమొహం వేసింది. వీధి గుమ్మంలో పక్కింటావిడ వచ్చినట్టుంది. నానమ్మ గొంతు మళ్లీ మోగింది. ఎవరు? ఎవరి తాలూకు? ఏం పని?

ఉడుత కళ్లు పెద్దవయ్యాయి. "ఎవరు, ఎవరి తాలూకు, ఏం పని. ఇవి సరిపోతాయా మేడమ్?"

"బ్రహ్మాండంగా. ఎవరు నేర్పారు?"

"మా నానమ్మ. రోజూ చెప్తుంది. నాక్కాదు, తలుపుకి."

అమ్మా కూతురూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. ముందు ఎర్ర డాలును అడిగారు. ఎవరు తయారుచేశారో పేరు లేదు. ఎవరి తాలూకో అడ్రసు లేదు. పని మాత్రం ఒకటే, ప్రమాదం ప్రమాదం అని అరవడం. తీసెయ్యబోతే, "మమ్మల్ని తీసేస్తే మీ కంప్యూటర్ నాశనమైపోతుంది," అని కిటికీ వేసింది.

"భయపెట్టి వచ్చింది, భయపెట్టే పోతోంది. పోనీ," అంది అమ్మ.

నీలం డాలు మంచి ఇంటిదే. పేరుంది, ఊరుంది. కానీ తన పని చెయ్యడానికి కొత్త కంప్యూటర్ కావాలని తనే రాసుకుంది. అమ్మ కంప్యూటర్ ముసలిది. ముసలి ఎద్దు మీద ఏనుగు బరువు పెట్టినట్టే. ఆకుపచ్చది తేలిక. రోజూ తనంతట తనే కొత్త దొంగల ఆనవాళ్లు తెప్పించుకుంటుంది. గూఢచారులను కూడా అదే పడుతుంది.

"ఆకుపచ్చది ఒక్కటే ఉంచుదాం అమ్మా," అంది ఉడుత. ఒక్కటి అనే మాట తన నోట అంత తేలిగ్గా రావడం తనకే వింతగా ఉంది.

మిగతా రెండూ వెళ్లిపోయాక కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేశారు. బాణం చేపపిల్లలా ఈదింది. ఆకుపచ్చ డాలు ఇల్లంతా వెతికి, ఎర్ర డాలు వెంట దూరిన గూఢచారిని ఒకణ్ణి చెవి పట్టుకుని బయటికి లాగింది. తర్వాత ఫైర్‌వాల్ ఆపేసినవాళ్లందరినీ ఒక్కొక్కరినీ పిలిచారు.

"ఇదెవరు?"

"ఇది మిషను ప్రోగ్రామ్. మన తాలూకే. బొమ్మలు మోసేది ఇదే. పోనియ్యి."

"ఇది?"

"ఇదెవరో నాకూ తెలీదు."

"అయితే బయటే ఉండనీ," అంది ఉడుత.

అమ్మ బొమ్మ పంపింది. పక్కగదిలో సూది ఒకసారి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఆ తర్వాత టకటకా టకటకా అందుకుంది. కొంగ ఎగిరి గంతేస్తే తల గుమ్మానికి తగిలింది. ఆ ఇంట్లో అంత హాయిగా ఎవరూ దెబ్బ తిని ఉండరు.

కుట్టిన చొక్కా కుట్టినట్టే ఉడుత దారపు కొసలు కత్తిరిస్తూ కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. చివరి చొక్కాలు మిషను మీద ఉండగానే గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది.

"ఎవరు?"

"ఆటల మాస్టారినండి."

"ఎవరి తాలూకు?"

"బడి తాలూకండి."

"ఏం పని?"

"బూటు బొమ్మల కోసం వచ్చానమ్మా."

"ఇంకో రెండు చొక్కాలున్నాయి. కూర్చో నాయనా," అంది నానమ్మ. మాస్టారు చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పిన పిల్లాడిలా కూర్చున్నారు.

మర్నాడు పందెంలో కొంగ జట్టు రెండో స్థానంలో వచ్చింది. బంగారు దారం బరువే తనను వెనక్కి లాగిందని వాడి వాదన. వచ్చే ఏడాది చొక్కాల మాట మాత్రం మాస్టారు అమ్మతో ఖాయం చేసుకుని వెళ్లారు.

కొన్నాళ్ల తర్వాత ఒక సెలవు రోజు, ఉడుత ఒక్కతే కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉంది. తెర మీద ఫైర్‌వాల్ కిటికీ తెరుచుకుంది. ఏదో కొత్త పేరు. రానివ్వాలా, ఆపాలా?

వేలు అలవాటు కొద్దీ మౌసు మీదికి పోయింది. ఉడుత వేలు వెనక్కి తీసుకుంది. కిటికీలో ఉన్నదంతా ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. లేచి పక్కగదిలోకి నడిచింది.

"అమ్మా, ఎవరో తలుపు కొడుతున్నారు. పేరు చెప్తున్నారు గానీ పని చెప్పట్లేదు."

అమ్మ మిషను ఆపింది. "మరి నువ్వేమన్నావు?"

"నిలబడమన్నాను."