చెయ్యి లేస్తే చాలు

“రోబో చెయ్యి లేస్తే మీ బావ మన చేతికొస్తాడు. లేవకపోతే సాయంత్రం విమానంలో వాళ్ళతో పోతాడు. ఇక ఆశ వదులుకోవడమే,” అన్నాడు గూఢచారి శాఖ చీఫ్. అంతే బ్రీఫింగ్.

బావ క్షిపణుల ఇంజనీరు. విదేశీ ముఠా ఎత్తుకుపోయి ఏడాదైంది. రోబోల పోటీలో మంచి యంత్రాలు ఎంచిపెట్టమని ఇవాళ సూటు తొడిగించి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయనకు రహస్యంగా అందిన కబురు ఒకటే: నీలం రోబో చెయ్యెత్తగానే ఎడమ తలుపుకేసి పరుగెత్తు.

ఆయన బావమరిది, డిపార్ట్‌మెంటులో ‘పిల్లి’ అని పిలిచే ఏజెంటు, దొంగ మీసంతో నీలం జట్టులో మెకానిక్కుగా చేరాడు. తీరా మ్యాచ్ ముందు చూస్తే చక్రాలు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం కదలదు. ఫ్యూజు మాడిపోయింది. స్పేర్ల డబ్బా ఖాళీ.

“వెతక్కు. అవన్నీ నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి,” అంది వెనకనుంచి సెంటు వాసన. ఏజెంట్ నెమలి!

“నువ్వు మన మనిషివి కదా!”

“మీ మనిషినే. వాళ్ళ మనిషిని కూడా. అరిచావో, మీ బావ పక్కనున్నవాడి పిస్తోలు పేలుతుంది.” పట్టుచీర సర్దుకుని చక్కా పోయింది మహాతల్లి.

పిల్లికి అక్క గుర్తొచ్చింది. వేసుకునే మనిషి లేకపోయినా ఇప్పటికీ బావ చొక్కాలు ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఆమెకేం చెప్పాలి?

చెవిలో చీఫ్ గొంతు: “నెమలి అమ్ముడుపోయింది. ఆపరేషన్ రద్దు. తలుపు దగ్గర మనవాళ్ళని వెనక్కి పిలిచేశాను. నువ్వూ తక్షణం—”

గొంతు ఆగిపోయింది. పిల్లి తన వైర్‌లెస్ బద్దలుకొట్టి అందులోని ఫ్యూజు పీకేశాడు. చిన్నది. ఆ మోటారుకు అది ఏ మూలకి? అయినా రోబోలో ఇరికించాడు.

“అన్నా, పిలిచేశారు! పనిచేస్తుందా?” అంది జట్టు కెప్టెన్, రిమోట్ పట్టుకుని.

“గంట కొట్టగానే చెయ్యెత్తమ్మా. ఒక్కసారే లేస్తుంది.”

“ఒక్కసారికే గెలుస్తామా?”

“ఓడిపోతాం తల్లీ. దణ్ణం పెడతా, ఎత్తు.”

“నీ సంగతి తర్వాత చెప్తా!” అంటూ బరి దగ్గరికి పరుగెత్తింది.

పిల్లి వెళ్ళి ఎడమ తలుపు గడియ తీసి నిలబడ్డాడు. గంట మోగింది. చెయ్యి వణికింది. ఆగింది. అయిపోయింది అనుకున్నాడు. అంతలో సర్రున లేచింది! మరుక్షణం దభీమని కూలింది. హాలంతా అటే చూసింది, పిస్తోలువాడితో సహా. బావ దూకాడు. పిల్లి ఆయన్ని బయటికి లాగి, తలుపు మూసి, జట్టు వ్యానులోకి తోశాడు.

వ్యాను రెండు సందులు దాటాక గానీ బావకు ఊపిరి అందలేదు.

“ఆ చేతికి ఫ్యూజు వేసిన గాడిద ఎవడ్రా?”

పిల్లి మీసం పీకేశాడు. “నేనే బావా.”

“అనుకున్నా. మీ ఇంట్లో ఒక్కరికీ కరెంటు పని చేతకాదు,” అన్నాడు బావ, కళ్ళు తుడుచుకుంటూ.