పాత బండి వేగం

"అమ్మా, మీ ఆయన చదవడం అయిపోతే పేపరు ఇటివ్వమను," అన్నాడు మామగారు.

కోడలు చేతిలో పాలగిన్నెతోనే భర్త వైపు తిరిగింది. "మీ నాన్నగారు పేపరు అడుగుతున్నారు."

"ఇంకో పేజీ ఉందని చెప్పు."

"ఇంకో పేజీ ఉందిట మామయ్యా."

ముగ్గురూ ఉన్నది ఒకే గదిలో. చెయ్యి చాపితే అందేంత దూరంలో. అయినా ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో తండ్రి మాట కొడుక్కి, కొడుకు మాట తండ్రికి కోడలి మీదుగానే చేరుతోంది.

"నన్ను కోడలిగా తెచ్చుకున్నారా, పోస్టాఫీసుగా తెచ్చుకున్నారా?" అంది ఆవిడ గిన్నె పొయ్యి మీద పెడుతూ. "ఆదివారం పోస్టాఫీసులకి కూడా సెలవే."

కొడుకు పేజీ తిప్పాడు.

పెద్దాయన ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపాడు. వీధి వీధంతా డ్రైవరుగారనే పిలుస్తుంది. ఎనిమిది నెలల క్రితం కారు వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి తగిలించాడు. ఎడమ కంటికి పక్కచూపు తగ్గిందని, ఇక బండి నడపకూడదని డాక్టరు కొడుకుని పక్కకి పిలిచి చెప్పాడు. వారం తిరక్కుండా కారు కనపడలేదు. "గారేజీలో ఉంది నాన్నా, సామాను రావాలి," అన్నాడు కొడుకు. నిజానికి అమ్మేశాడు. పెద్దాయన రెండోసారి అడగలేదు. అడగడమే కాదు, ఆ రోజు నుంచి కొడుకుతో మాటే మానేశాడు. వీధిలోకి వెళ్ళడమూ మానేశాడు.

కొడుకు సర్వేయరు. పొలాల హద్దులు గజం తేడా రాకుండా కొలిచి పటం గీసే మనిషి. తన ఇంట్లో లేచిన గోడని ఎక్కడినుంచి కొలవాలో మాత్రం అతనికి తెలియలేదు.

మనవరాలు కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. ఎప్పుడూ జేబులో స్క్రూడ్రైవరు ఉంటుంది కాబట్టి వీధిలో పేరు కూడా అదే. ఒక ఇంట్లో డ్రైవరూ స్క్రూడ్రైవరూ కుదిరారని అందరికీ నవ్వులాట. ఒకరోజు ఆ అమ్మాయి తన ఫోనులో తాతకి ఒక ఆట చూపించింది. కొండ దారిలో బస్సు నడిపే ఆట.

"బొమ్మ బస్సా? నాకేం చిన్నపిల్లాడి వయసా?" అని మొహం తిప్పుకున్నాడు. ఒక నిమిషం ఆగి ఓరగా చూశాడు. "వాడెవడే, ఆ మలుపులో గేరు మార్చలేదు? మనుషుల్ని చంపేస్తాడు."

మనవరాలికి అది చాలు. ఆ నెల నుంచే తాత కోసం కంప్యూటరు కట్టడం మొదలుపెట్టింది. తక్కువ ఖర్చులో ఆటల కంప్యూటరు కట్టడమంటే ఉన్న గుడ్డకి జాకెట్టు కత్తిరించడం. పెట్టె సొట్టపడినది. బొమ్మలు గీసే కార్డు ఎవరో వాడి అమ్మేసినది. స్టీరింగు చక్రం దుకాణం మూల దుమ్ము కొట్టుకుపోయి ఉన్నది. మిగిలింది ర్యామ్. కంప్యూటరు పని పరుచుకునే బల్ల లాంటిది అది. బల్ల చాలకపోతే ఆట కదలదు. ఈ ఆటకి రెండు ముక్కలు కావాలి. జీతానికి కొత్తది ఒక్కటే వచ్చింది.

రెండోది ఎక్కడుందో ఆమెకి తెలుసు. నాన్న పాత కంప్యూటరు అటక మీద ఉంది. అందులోని ర్యామ్ ఆ రకమే, కాకపోతే కొంచెం నెమ్మది. శనివారం నిచ్చెన వేసుకుని తీసేసింది. అడగలేదు.

*

ఆ ఆదివారం పది గంటలకి సర్వేయరుతో ఆఫీసులో పనిచేసే స్నేహితుడు ఒకడు వచ్చాడు. ఆ పాత కంప్యూటరు కొనుక్కుందామని. సర్వేయరు దాన్ని దింపి, తుడిచి, హాల్లో బల్ల మీద పెట్టాడు. "ఆరేళ్ళు వాడాను. ఒక్కరోజు మొరాయించలేదు," అని మీట నొక్కాడు.

కీచు, కీచు, కీచు. తెర నల్లగానే ఉంది.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే అరుపు.

"ఈ రోజు మొరాయిద్దామనుకున్నట్టుంది," అన్నాడు స్నేహితుడు నవ్వుతూ. కాఫీ తాగి, ఇంకోసారి చూద్దాంలే అని వెళ్ళిపోయాడు.

సర్వేయరు పక్క రేకు ఊడదీశాడు. ర్యామ్ ఉండాల్సిన చోటు ఖాళీ. మొహం ఎర్రబడింది. గబగబా తండ్రి గది దాకా వెళ్ళి గుమ్మంలో ఆగాడు. ఎనిమిది నెలలుగా ఆ గడప దాటలేదు.

లోపల పెద్దాయన స్టీరింగు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనవరాలు నేల మీద, తెరిచిన పెట్టెలో తల దూర్చి ఉంది.

"నా కంప్యూటర్లోంచి ర్యామ్ తీశావా?"

"తీశాను నాన్నా. అటక మీద ఊరికే..."

"ఊరికే ఉంటే? నాది కాదా? అడగాలని తెలీదా? బయటివాడి ముందు నా పరువు తీశావ్. ఒక్క మాట చెప్పి తీసుకుంటే నేను కాదంటానా?"

"చెబితే కాదంటావేమోనని చెప్పలేదు."

"అందుకని దొంగతనంగా తీస్తావా? ఎవరు నేర్పారే నీకు ఇది?"

ఆ అమ్మాయి తల పైకెత్తింది.

"తాతయ్య కారు గురించి నువ్వు అడిగావా నాన్నా?"

వెనకే వచ్చిన తల్లి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పెద్దాయన స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు, తల తిప్పలేదు.

"నాది తప్పే," అంది పిల్ల. "నీ మొహం చూసి చెప్పలేక అటకెక్కాను. క్షమించు. అడుగుతున్నాను ఇప్పుడు. ఇస్తావా?"

సర్వేయరు గుమ్మం చెక్క పట్టుకుని నిలబడిపోయాడు.

ఇంతలో ఆట మొదలై తెర మీద కొండ దారి కనిపించింది. బస్సు పది గజాలు కదిలింది. మొత్తం బిగుసుకుపోయింది.

"మూడోసారి తాతయ్యా," అంది మనవరాలు నీరసంగా. "పాత ర్యామే అడ్డం పడుతున్నట్టుంది. తీసేస్తా."

"తీస్తే?"

"కొత్తదొక్కటే మిగులుతుంది. ఆట సరిగా నడవదు."

"రెండూ ఎంత వేగంతో పోతున్నాయి?"

"కొత్తదాని డబ్బా మీద రాసిన వేగం పెట్టాను. రెండిటికీ."

పెద్దాయన చిన్నగా నవ్వాడు. "అదీ సంగతి. పొగమంచు రోజుల్లో కొండ మీదకి మూడు బస్సులు కలిసి వెళ్ళేవాళ్ళం తల్లీ. అన్నిట్లో పాత బండి ఎంత వేగం పోగలదో, మిగతా రెండూ అంతే పోవాలి. కొత్త బండివాడు రెచ్చిపోతే లోయలో తేలతాడు. పోనీ పాత బండిని డిపోలో వదిలేస్తావా, సగం జనం రోడ్డు మీద నిలబడిపోతారు. దాన్ని తియ్యకు. దాని నడక ఎంతో చూసి, కొత్తదాన్ని ఆ నడకకి తగ్గించు."

మనవరాలు నుదురు కొట్టుకుంది. "ఈ మాట దుకాణంలో రోజూ నేనే అందరికీ చెప్తాను! ఆశకొద్దీ మర్చిపోయాను."

నాలుగు మీటలు నొక్కి వేగం తగ్గించింది. కంప్యూటరు మళ్ళీ మొదలైంది. కొండ దారి వచ్చింది. పెద్దాయన గేరు వేశాడు. బస్సు పది గజాలు దాటింది, వంద దాటింది, మలుపు తిరిగింది. ఎడమవైపు ఏమొస్తోందో చూడ్డానికి ఆయన తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. సర్వేయరు అది చూశాడు.

"నాన్నా," అన్నాడు. "కారు గారేజీలో లేదు. అమ్మేశాను."

బస్సు పక్కకి ఆగింది.

"నీ కన్ను పోతోందని నా నోటితో చెప్పలేకపోయాను. నిన్ను చూస్తూ... నావల్ల కాలేదు."

పెద్దాయన తెర వైపు చూస్తూనే మాట్లాడాడు. "ఎనిమిది నెలలు గారేజీలో ఉండే కారు ఉంటుందటే అమ్మా?" అన్నాడు కోడలితో. "నా కన్ను సంగతి డాక్టరు కంటే ముందు నాకు తెలుసు. ఒక్కసారి వచ్చి అడిగుంటే తాళంచెవి నా చేత్తో నేనే ఇచ్చేవాణ్ణి. ఆ ఇచ్చే అవకాశం కూడా నాకు లేకుండా చేశాడు. మీ ఆయనకి చెప్పు."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పోస్టాఫీసు మూసేశాను మామయ్యా. ఎదురుగానే ఉన్నాడు, మీరే చెప్పుకోండి."

పెద్దాయన కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగాడు. కొడుకు చిన్నప్పుడు సెలవు రోజుల్లో బస్సులో ఇంజను మూత పక్కన కూర్చుని, చివరి స్టాపు దాకా వచ్చి, తిరిగి ఇంటిదాకా వచ్చేవాడు. ఇప్పుడు తల నెరిసినవాడు గడప మీద నిలబడి ఏడుస్తున్నాడు.

"ఒరేయ్," అన్నాడు పెద్దాయన. "ఫుట్‌బోర్డు మీద నిలబడకూడదని ఎన్నిసార్లు చెప్పాను నీకు? లోపలికి జరుగు. బండి కదలాలి."

సర్వేయరు గడప దాటాడు. విడిభాగాలొచ్చిన అట్టపెట్టె ఒకటి స్టీరింగుకి ఎడమవైపు బోర్లించి, దాని మీద కూర్చున్నాడు.

"ఎడమవైపు నేను చూస్తాను నాన్నా," అన్నాడు. "నువ్వు పోనీ."