తలలో కిటికీ ఉన్న ఎలుక

మూడో శాస్త్రవేత్త లిఫ్టులో పోయాడు. నాలుగో అంతస్తులో నవ్వుతూ ఎక్కినవాడు, కిందికి వచ్చేసరికి గోడకి జారగిలబడి ఉన్నాడు. పక్షవాతం అని రాశారు. అంతకుముందు పోయిన ఇద్దరికీ అదే రాశారు.

"జబ్బు కాదు, విషం," అన్నాడు డిపార్ట్‌మెంట్ చీఫ్. "మెదడులోని సన్న రక్తనాళాల్ని మూసేస్తుంది. పరాయి దేశపు ముఠా పని. విరుగుడు తయారుచేస్తున్న నలుగురిలో ఇక ఒక్కరే మిగిలారు."

ఫోటో బల్ల మీదికి తోశాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ పిచ్చుక దాన్ని చూడకుండానే బోర్లించింది. ఆమెకి యాభై ఆరేళ్లు. ఆ ఫోటోలో ఉన్నది ఆమె కూతురు.

"అందుకే ఈ పని మీకు వద్దంటున్నాను. భయం ఉన్నచోట చెయ్యి వణుకుతుంది."

"భయం లేనివాళ్లని కాపలా పెట్టారుగా సార్. ముగ్గురు పోయారు."

చీఫ్ ఫైలు ఆమె వైపు జరిపాడు.

సోమవారం నుంచి ల్యాబ్‌లోని ఎలుకల గదికి కొత్త ఆయా వచ్చింది. టోపీ, మాస్కు, గౌను, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. లెన్సులతో కళ్ల రంగు మారింది. గొంతు మార్చినా కూతురు పట్టేస్తుంది కాబట్టి మూగదానిలా చేరింది. మూగదానికి కోడ్ మాటలేముంటాయి? బకెట్ మీద మూడుసార్లు తట్టడమే. అది విని పలకాల్సిన మనిషి వెన్నెల. ఆమె ల్యాబ్‌లో ముందే పాతుకున్న మన ఏజెంట్, పైకి మాత్రం కెమెరా ఇంజనీరు. అందరూ మూటల్లా కనిపించే ఆ గౌనులో కూడా వెన్నెల సినిమా పోస్టరులా ఉండేది.

మూడు వారాలు పిచ్చుక బోన్లు కడిగింది. కూతురు రెండు గజాల దూరంలో తుమ్మేది. చిరంజీవ అనబోయి నాలుక కరుచుకునేది. పైపులో నీళ్లు గలగలమంటే గ్యాసేమో అని, ఎవరైనా గట్టిగా నవ్వితే ఏడుపేమో అని గుండె గుభేలుమనేది.

ల్యాబ్‌లో అందరూ డాక్టర్ గారని పిలిచే కూతురి పనంతా ఒక తెల్ల ఎలుక మీదే. దాని నెత్తిన కందిబద్దంత ఎముక తీసి గాజు బిగించారు. ఆ కిటికీ మీద లేజర్ పడితే, లోపల రక్తం ఎంత జోరుగా పారుతోందో కెమెరా పట్టేది. పారినచోట తెర మీద ఎరుపు, మందగించినచోట నీలం. మత్తు లేదు, నొప్పి లేదు. థర్మోకోల్ బంతి మీద మెలకువగా పరిగెత్తుతూనే ఉండేది. పొద్దస్తమానం పరిగెత్తి ఎక్కడికీ పోదు కాబట్టి దానికి మేనేజర్ అని పేరు పెట్టారు.

పరీక్ష రోజు పదింటికి వెన్నెల కెమెరా గదిలోకి గ్లోవ్స్ డబ్బా తెచ్చింది. "కొత్తవి డాక్టర్ గారూ. సీలు నేనే చూశాను." ఆయా వైపు తిరిగి, అంతా క్షేమం అన్నట్టు కన్ను కొట్టింది.

డాక్టరు ఆ గ్లోవ్స్‌ని ఎలుకల గదికి తీసుకెళ్లి, మేనేజర్ బోనులోని పొట్టులో కాసేపు పొర్లించి వదిలింది. ఎప్పుడూ అంతే. కొత్త వాసన తగిలితే ఎలుక బెదిరి తెర మీది బొమ్మంతా చెడిపోతుంది. మేనేజర్ వాటిలో దూరి, కొరికి, ఆడింది. ఎలుకల గదిలో ఎప్పుడూ అడుగుపెట్టని వెన్నెలకి ఈ అలవాటు తెలియదు.

పదకొండుకి డాక్టరు గ్లోవ్స్ తొడుక్కుని ఎలుకని బంతి మీద నిలబెట్టింది. ముందు విషం, తర్వాత విరుగుడు. రెండు సిరంజిలూ ట్రేలో సిద్ధంగా ఉన్నాయి.

తెర అంచుల్లో ఎర్రటి దారాలు ఒక్కొక్కటే నీలంగా మారసాగాయి.

"ఫోకస్ పోయిందా?"

"లేజర్ వేడెక్కింది. మీరు కానివ్వండి డాక్టర్ గారూ," అంది వెన్నెల.

నేల తుడుస్తున్న పిచ్చుక ట్రే వైపు చూసింది. విషం సిరంజి నిండుగానే ఉంది. సూది ఇంకా పడనే లేదు. మరి ఎలుకకి ఎక్కడిది? ఏం ముట్టుకుంది, ఏం కొరికింది?

"అమ్మడూ! గ్లోవ్స్ తీసెయ్!"

గది కొయ్యబారిపోయింది.

"అమ్మా?"

వెన్నెల చెయ్యి లెన్సు పెట్టెలోకి పోయింది. పిస్తోలు బయటికి వచ్చేలోపు పిచ్చుక సబ్బు సీసా నొక్కింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆ సీసాలో సబ్బు లేదు, జిగురుంది. పిస్తోలు, వేళ్లు, పెట్టె ఒకటే ముద్దయిపోయాయి.

"ఎప్పట్నుంచే ఈ ద్రోహం?"

"మొదట్నుంచీ, ఆంటీ."

"ఆంటీ ఏమిటే, వరసలు కలుపుతున్నావా!"

డాక్టరు గ్లోవ్స్ లాగేసి చేతులు నీళ్ల కింద పెట్టింది. "అమ్మా, వేళ్లు తిమ్మిరెక్కాయి. సిరంజి పట్టుకోలేను."

"నేను వేస్తా. ఏదీ విరుగుడు?"

"నాకు కాదు! ముందు మేనేజర్‌కి పావు వంతు. ఈ మందు ఇంతవరకూ ఎవరికీ వెయ్యలేదు. తేడా వస్తే నాళాలు ఇంకా బిగుసుకుంటాయి. తెర మీద ఎరుపు తిరిగొస్తేనే నాకు."

"రాకపోతే?"

కూతురు గడ్డంతో ఎలుక వైపు చూపించింది.

పిచ్చుక ఎలుకకి సూది వేసింది. చెయ్యి వణకలేదు. మిగతా ముప్పావు సిరంజి పట్టుకుని తెర ముందు నిలబడింది. నీలం. బంతి ఆగిపోయింది. ఇంకా నీలం.

"అమ్మా, మాట... తడబలు..."

"మాట్లాడకు తల్లీ."

నిమిషం గడిచింది. ఇప్పుడే వేసేస్తే? చంపేది తనే అవుతుందేమో. ఆగితే? చూస్తూ పోగొట్టుకున్నదీ తనే. కూతురి తల ఒక పక్కకి వాలింది. సూది మొన చర్మానికి ఆనింది.

తెర మధ్యలో వెంట్రుకంత గీత ఎర్రబడింది. పక్కన ఇంకోటి. బంతి కదిలింది.

పిచ్చుక సిరంజి కూతురి జబ్బలో గుచ్చి చివరి చుక్క దాకా నొక్కింది.

వెన్నెలని జిగురుతో సహా పట్టుకుపోయేసరికి కూతురు స్ట్రెచర్ మీద పడుకుని మాట స్పష్టంగా పలుకుతోంది. పిచ్చుక చేతులు అప్పుడు మొదలుపెట్టాయి వణకడం.

"మూడు వారాలు పక్కనే ఉండి ఒక్క ముక్క మాట్లాడలేదా? నువ్వు?" అంది కూతురు. "నీ తలకీ ఓ గాజు కిటికీ పెట్టి చూడాలమ్మా."

"చూసి మిషను పాడైందనుకుంటావు. నువ్వు పుట్టిన రోజు నుంచీ అక్కడ నీలం అన్నదే లేదు."