బిడ్డ మీద ఒట్టు, మూడేండ్ల సర్వీసు

ఇంట్లో టీవీ ఉండటమంటే వాకిట్లో ఏనుగును కట్టేసుకున్నంత గొప్పగా చెప్పుకునే రోజులవి. ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో. ఆ గొప్పని వరంగల్ చౌరస్తాలో వెంకట్రాజం సేటు సగం ధరకే అమ్మాడు. ఊరికే అమ్ముతాడా మరి? అంత ధర్మాత్ముడైతే దుకాణమెందుకు, సత్రమే కట్టించేవాడు.

అందులో మెలిక ఉంది. ఆ టీవీకి ఏంటెనా తగిలించుకునే వీలుండదు. పెట్టె వెనక ఆ చోటు మూసేసి, పైన లక్క సీలు వేసి మరీ ఇచ్చేవాడు. దుకాణంలోంచి ఇళ్ల కప్పుల మీదుగా గుంజిన నల్ల వైరు తగిలిస్తేనే బొమ్మ వచ్చేది. సేటు తన వీసీఆర్‌లో ఏ సినిమా వేస్తే, వైరున్న ఇళ్లన్నీ ఆ సినిమానే చూడాలి. మూడేళ్లదాకా వైరు పీకేయకూడదు. పెట్టె విప్పకూడదు. ఇంకొకడితో బాగు చేయించకూడదు. అందుకు బదులుగా, ఏం పాడైనా సేటు మనిషి ఇంటికొచ్చి బాగుచేసి పోతాడు. ఇదంతా ఒక కాగితం మీద అచ్చేయించి, కింద సంతకమో వేలిముద్రో వేయించుకునేవాడు.

సేటు మనిషి అంటే ఎవరో పదిమంది అనుకునేరు. ఒక్కడే. సారంగపాణి.

పాపం, సారంగపాణికి అలసట పుట్టుకతోనే వచ్చినట్టుండేది. నలభై ఏళ్లకే మోకాళ్లు పట్టేశాయి. నిచ్చెన భుజానేసుకుని, సైకిలు నడిపించుకుంటూ ఊరంతా తిరిగేవాడు. కోతులు వైరు తెంపినా అతనే, గాలికి తెగినా అతనే. సినిమా బాగాలేకపోయినా తిట్లు అతనికే. రంగశాయిపేటలో ఇల్లు, ఇంట్లో భార్య శారద, ఒక్కగానొక్క కూతురు వరలక్ష్మి. రోజంతా ఊరి కప్పులెక్కి దిగిన మనిషి, ఇంటికి పోయి ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంటే తప్ప అన్నం ముద్ద మింగేవాడు కాదు.

సేటు కాగితాలని జనం అంత తేలిగ్గా నమ్మలేదు. నమ్మించింది సారంగపాణే. మన దగ్గర కాగితం కంటే ఒట్టుకే విలువెక్కువ కదా! కూరగాయల అంగట్లో వంకాయలమ్మే ఆమె కూడా తూకానికొకసారి కన్నబిడ్డల మీద ఒట్టేస్తుంది. అది బేరం మాట, ఎవరూ పట్టించుకోరు. సారంగపాణి కూడా అలాగే వేసేవాడు.

గిర్మాజీపేటలో లక్ష్మీనర్సమ్మ ఇంట్లోనూ అలాగే వేశాడు. మిల్లులో పనిచేసిన భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఇంట్లో మనిషి గొంతు వినపడాలని టీవీ పెట్టించుకుంది ముసలామె. కాగితం చదివి వినిపించబోతే చెయ్యడ్డం పెట్టింది.

"కాగితాలు నాకేమెరుక కొడుకా? నేను పిలిస్తే వస్తవా, రావా? గదొక్కటి జెప్పు."

"వస్త అవ్వా."

"ఒట్టెయ్యి."

మిట్టమధ్యాహ్నం. పొద్దుటి నుంచీ అన్నం లేదు. సారంగపాణి ఆమె చేతిలో చెయ్యేసి, "నా బిడ్డ మీదొట్టు. మూడేండ్లదాక నువ్వు పిలిస్తే వస్త" అనేశాడు. చెయ్యి తీసుకోబోతే ముసలామె వదల్లేదు. చుట్ట వాసన వేసే మొహం దగ్గరగా పెట్టి, "బిడ్డ పేరేంది?" అని అడిగింది.

చెప్పాడు.

అప్పట్నుంచి బాగుచేయటానికి పోయినప్పుడల్లా టీవీ సంగతి తర్వాత, ముందు వరలక్ష్మి సంగతే. ఏం తిన్నది, ఏం చదువుతాంది. "ఒక్కపారి తోల్కరారాదు, కండ్లనిండ చూస్త" అనేది. "తెస్తలే అవ్వా" అనేవాడు. తేలేదు. తేవాలనే అనుకున్నాడు, తీరికేదీ?

రెండేళ్లు గడిచాయి. ఆ వానాకాలం ముసురు పట్టింది, పట్టింది, వదల్లేదు. ఊరి వైర్లన్నీ ఒక్కసారే పాడైనట్టయింది. అప్పుడే లక్ష్మీనర్సమ్మ టీవీలో బొమ్మ పోయింది. పక్కింటి మల్లక్క దుకాణానికి వచ్చి చెప్పింది.

"ముసల్ది మంచం పట్టింది తమ్మీ. జర వచ్చి పో. నిన్నే పిలుస్తాంది."

"రేపొస్తనని జెప్పక్కా."

మల్లక్క మళ్లీ వచ్చింది. సారంగపాణి మళ్లీ రేపన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే రేపు పోదామనుకున్నాడు. ఆ రేపు రాకముందే ముసలామె పోయింది.

ఇక చూడండి సేటు దుకాణంలో పంచాయితీ! తొర్రూరు నుంచి ఆమె అక్క కొడుకు గోపాల్ వచ్చాడు. మనిషే పోయినంక ఇంకేం కాగితం, మీ వైరు మీరు తీస్కపోండ్రి అన్నాడు. మనిషి పోయినా మూడేళ్లు పోలేదు, వారసుడివి నువ్వు కట్టుబడాలి అన్నాడు సేటు. ఇద్దరూ కలిసి వకీలు దగ్గరికి పోయారు. ఆ వకీలు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది కోర్టుల నిలవడదు సేటూ. చచ్చినోళ్లను కట్టేసే కాగితం ఇంక పుట్టలే" అని తేల్చేశాడు. సేటు మొహం మాడిపోయింది. వైరు లేని పెట్టె నాకెందుకని గోపాల్ వదిలేయటంతో, పెట్టె అన్నా దక్కించుకుందామని ఆ ఇంటి తాళంచెవి సారంగపాణి చేతిలో పెట్టాడు.

"పొద్దుగాల స్తంభం కాడ వైరు కత్తిరించు. పనులైనంక పెట్టె తీస్కరా."

"అట్లనే సేటూ."

పొద్దున వైరు కత్తిరించాడు. పనులయ్యేసరికి దీపాలు పెట్టే వేళయింది. గిర్మాజీపేట వీధిలో కరెంటు లేదు. ముసురు సన్నగా పడుతూనే ఉంది. సారంగపాణి సైకిలు గోడకి ఆనించి, తాళం తీసి, లోపలికి అడుగుపెట్టాడు. తడిసిన సున్నపు గోడల వాసన. పదకొండో రోజు వేసిన సాంబ్రాణి ఇంకా గాలిలోనే ఉంది. దాని వెనక, సన్నగా, చుట్ట వాసన.

ఇంట్లో సామానేమీ లేదు. గోపాల్ అన్నీ తరలించేశాడు. ముసలామె ప్రాణం పోయిన నులకమంచం కూడా వీధిలో పారేశారు, సారంగపాణి వచ్చేటప్పుడు చూశాడు, వానలో నానుతోంది. గది మధ్య టీవీ పెట్టె ఒక్కటే మిగిలింది. దాని చెక్కతలుపులు మూసి ఉన్నాయి.

ఎత్తుకుపోదామని రెండు చేతులూ వేశాడు. చప్పున తీసేశాడు.

పెట్టె వెచ్చగా ఉంది.

కరెంటు లేదు కదా... పొద్దుటి నుంచీ లేదు కదా. ప్లగ్గు వైపు చూశాడు. ప్లగ్గు గోడకి లేనేలేదు, నేల మీద పడి ఉంది. ఎండ వేడేమో అనుకుందామంటే ఎండ చూసి వారమయింది.

మూలన నులక కిర్రుమంది. ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు.

ఆ మూలన మంచం లేదు.

"వచ్చినవా... కొడుకా..."

తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. ఉరకాలి. ఉరికితే అయిపోతుంది. కాని పిలిచింది... పిలిస్తే వస్తనన్నాడు... ఎవరి మీద ఒట్టేశాడు? ఆ పేరు తలుచుకోగానే ఉరకాలన్న ఆలోచన ఆగిపోయింది.

"వచ్చిన అవ్వా" అన్నాడు.

"బొమ్మ కానస్తలేదు... ఎన్నొద్దుల సంది పిలుస్తాన... జర చూడు..."

బ్యాటరీ లైటు వెలిగించి నోట కరిచాడు. స్క్రూలు విప్పాడు. విప్పినవి విప్పినట్టు నేల మీద పెడుతున్నాడు. లోపల తడికి చిలుము పట్టిన తీగ ఒకటి ఊడిపోయి ఉంది. ఇంతే. ఇంత చిన్న పని. ఆ రోజు వస్తే బీడీ కాలేలోపు అయిపోయేది. ఆ మాట తోచగానే అతనికి ఏడుపొచ్చింది. భయంతో కాదు, నిజంగానే ఏడుపొచ్చింది.

తీగ బిగించాడు. వెనక చెక్క పెట్టాడు. స్క్రూ కోసం నేల మీద తడిమాడు. దొరకలేదు. మళ్లీ తడిమాడు.

చల్లటి వేళ్లు అతని అరచేతిలో ఒక స్క్రూ పెట్టాయి.

అరవలేదు. నోట్లో లైటు ఉంది. బిగించాడు. చెయ్యి చాపకుండానే ఇంకోటి పెట్టాయి. ఇంకోటి... ఇంకోటి... చుట్ట వాసన చెవి పక్కకి వచ్చింది. లైటు చేతిలోకి తీసుకున్నాడు.

"అయిపోయింది అవ్వా. ఇగ నేను పోత."

"బొమ్మ... చూపెట్టి పో..."

చెక్కతలుపులు తీశాడు. ప్లగ్గు నేల మీదే ఉంది. బయట స్తంభం దగ్గర వైరు తెగే ఉంది. అయినా అద్దం మీద మెల్లగా వెలుగు పాకింది. ముందు చుక్కలు. తర్వాత గీతలు. తర్వాత బొమ్మ కుదురుకుంది.

అది సినిమా కాదు. ఒక గది. గూట్లో కిరోసిన్ దీపం. గోడకి వేలాడుతున్న చేట. చేట పక్కన తన ఖాకీ చొక్కా, మొన్న మోచేయి దగ్గర చినిగింది. నేల మీద బోర్లా పడుకుని రాసుకుంటున్న పిల్ల. పిల్ల తలెత్తింది. లేచి కూర్చుంది. సూటిగా ఇటే చూసింది.

"వరలక్ష్మీ..." అన్నాడు సారంగపాణి. లైటు చేతిలోంచి జారిపోయింది.

"ఎంత మంచిగున్నదిరా బిడ్డ..." గొంతు అతని భుజం మీదుగా వస్తోంది. "ఇన్నొద్దులకు తెచ్చినవు..."

అద్దం పగలగొడదామని సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. అద్దంలో ఉన్నది ఎవరు? పగిలేది ఏది? సుత్తి కింద పెట్టేసి, చీకట్లోకి రెండు చేతులూ జోడించాడు.

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. నాదే తప్పు. 'ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన' అను. ఒక్కపారి అను, సాలు."

ఒట్టు ఎవరికి వేశామో వాళ్లే ఆ మాటనాలి. అంటేనే తీరుతుంది. సారంగపాణి ఊపిరి బిగబట్టి విన్నాడు. చూరు నీళ్లు టపటపా రాలుతున్నాయి. చాలాసేపటికి నులక మళ్లీ కిర్రుమంది.

"మూడేండ్లని... నువ్వే అంటివి గద కొడుకా... ఇంకా ఏడాదున్నది..."

పెట్టె వదిలేశాడు. తాళం వేశాడో లేదో తెలియదు. సైకిలు సంగతే మరిచిపోయాడు. పట్టేసిన మోకాళ్లతోనే రంగశాయిపేట దాకా ఉరికాడు. పడ్డాడు, లేచాడు, ఉరికాడు. చచ్చినోళ్లను కట్టేసే కాగితం పుట్టలేదన్నాడు వకీలు. బతికినోళ్ల సంగతి అతన్నెవరడిగారు?

ఇంటి తలుపు తీసే ఉంది. శారద పొయ్యి దగ్గర్నుంచి తలెత్తింది.

"గిట్ల తడిసినవేంది? జర నీ బిడ్డను చూడు. రాసుకునేది ఇడిసిపెట్టి, ఇందాకటి సంది ఉలుకు లేదు పలుకు లేదు. బువ్వకు పిలిస్తే లేస్తలేదు."

వరలక్ష్మి గదిలో మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ఒట్టి గోడ. ఆ గోడకేసే చూస్తోంది. రెప్ప వేయట్లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోవట్లేదు. సారంగపాణి ఆమె పక్కన కూలబడ్డాడు. ముట్టుకోవటానికి భయమేసింది.

"బిడ్డా... ఏం చూస్తానవ్ బిడ్డా?"

పిల్ల తల తిప్పలేదు. పెదాలు కదిలీ కదలకుండా, గుసగుసగా అంది.

"నేను చూస్తలేను బాపూ. అవ్వ చూస్తాంది. కదిలితే బొమ్మ పోతదంట."