రన్‌వే 09, పుల్లలచెరువు

“ప్లేన్ లేవకూడదు. లేస్తే, అందులో రాజరత్నం ప్రాణాలతో ఉండకూడదు. క్లియర్?”

“క్లియర్ సార్,” అన్నాడు యోబు.

డైరెక్టర్ నరసింహం గదిలో ఏసీ గట్టిగానే ఉంది. అయినా యోబు వీపు తడిసిపోయింది. రాజరత్నం మిసైల్ గైడెన్స్ సైంటిస్టు. వారం కిందట హైదరాబాదులో మార్నింగ్ వాక్‌కి వెళ్ళినవాణ్ణి వ్యాన్‌లో వేసుకుని ఎత్తుకుపోయారు. అతని బుర్రలో ఉన్నది దేశం దాటితే పదేళ్ళ శ్రమ పరాయివాళ్ళ పాలవుతుంది. ఇదంతా ఫైల్లో ఉంది. మార్కాపురం వెల్ఫేర్ హాస్టల్లో ఆ రాజరత్నమూ ఈ యోబూ ఆరేళ్ళు ఒకే కంచంలో తిన్నారన్న సంగతి మాత్రం లేదు. యోబు చెప్పలేదు. చెబితే మిషన్ ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరి చెయ్యి వణకదు.

“విదేశీ గూఢచారి రింగ్ పని ఇది,” అన్నాడు నరసింహం. “ఇంగ్లండు పల్లెల్లో రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి పాడుబడ్డ ఎయిర్‌ఫీల్డుల చరిత్ర వెతికే క్లబ్బువాళ్ళమని కవర్ స్టోరీ. అదే సరదాతో ఇండియా వచ్చామన్నారు. పైనుంచి ఫొటోలు తియ్యాలని చిన్న ప్లేన్‌కి పర్మిషన్ కూడా సంపాదించారు. రాజరత్నాన్ని అందులో ఎక్కించి సముద్రం మీదుగా బయటికి. రింగ్‌లో మన మనిషి ఒకామె ఉంది, కోడ్‌నేమ్ జాస్మిన్. ప్లేన్ దిగేది దొనకొండ పాత ఏరోడ్రోమ్‌లోనని ఆమె రిపోర్ట్.”

“పుల్లలచెరువు దగ్గర ఇంకోటి ఉంది సార్. యుద్ధంలో దొరలు వేసిన ఎమర్జెన్సీ స్ట్రిప్. చిన్నప్పుడు చూశాను.”

“ఏ మ్యాపులోనూ లేదే?”

“అలాంటిదే వాళ్ళకి కావాలి సార్.”

నరసింహం నిట్టూర్చాడు. “టీం మొత్తం దొనకొండలోనే ఉంటుంది. నీ అనుమానం నువ్వొక్కడివే తీర్చుకో.”

అలా ఏజెంట్ యోబు భూముల సర్వేయర్ అవతారమెత్తాడు. మెడలో ఐడీ కార్డు, భుజాన టేపు, చేతిలో ట్రైపాడ్. ఆ ట్రైపాడ్ మూడో కాలు నిజానికి రైఫిల్. తూటా ఒక్కటే పడుతుంది.

స్ట్రిప్ ఉండనే ఉంది. నల్లమల అంచున, పడమర నుంచి తూర్పుకి పన్నెండు వందల గజాలు, రోలర్ తొక్కిన గ్రావెల్. నడుమ చిన్న మిట్ట. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. అటూ ఇటూ ఊరివాళ్ళ చేలు. గట్టి నేల కదాని రన్‌వేని మాత్రం కందులూ మిరపకాయలూ ఆరబోసుకునే కళ్ళంగా ఉంచుకున్నారు. మొదటిరోజు టేపు పరుస్తుంటే మేకల వెనక ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. పేరు శ్రీశైలమ్మ. పక్క చేను ఆమెదే.

“ఏంది సార్ కొలతలు? మా భూములు గుంజుకుంటారా ఏంది?”

“లేదు పెద్దమ్మా. ఊరికే, రికార్డు కోసం.”

“దొరలు పోయినంక మా మామ కంప కొట్టి చేసిన నేల ఇది. పట్టాల్లేవు.”

“మీ భూమి జోలికి ఎవరూ రారు. నాదీ పూచీ.”

ఆమె టేపు వంకే చూస్తూ నిలబడింది. “ఊరికే అని వచ్చినోళ్ళు ఎవురూ ఊరికే పోలేదు నాయనా.”

ఆమె మనసు కుదుటపడాలని యోబు ముప్పైరెండు కుటుంబాల పేర్లు పుస్తకంలో రాసుకున్నాడు. దాంతో వాళ్ళ భయం ఇంకా ముదిరింది. అతను గమనించలేదు.

పదమూడో రోజు మధ్యాహ్నం మూడింటికి, రన్‌వే పడమటి కొసన కప్పులేని కంట్రోల్ రూమ్ గోడ నీడలో యోబు కూర్చుని ఉండగా ఒక జీపు ఆగింది. నల్లకళ్ళద్దాలు, తెల్ల లినెన్ చొక్కా, చూపు తిప్పుకోనివ్వని మనిషి.

“బలపం ఉందా?” అంది.

“ఉంది. పలకే పగిలింది,” అన్నాడు యోబు కోడ్ ప్రకారం. జాస్మిన్! అసలు పేరు డాక్టర్ మాధవి. ఎయిర్‌ఫీల్డుల చరిత్రలో లండన్ పీహెచ్‌డీ. తనవాళ్ళు తన మాట విన్నారనుకున్నాడు. ప్రాణం లేచివచ్చింది.

“నా థీసిస్ కోసం నార్ఫోక్‌లో నలభై ఎయిర్‌ఫీల్డులు నడిచాను,” అంది ఆమె రన్‌వే వైపు చూస్తూ. “చుట్టూ బార్లీ చేలు. కంట్రోల్ టవర్లో పావురాలు. ఒకచోట రన్‌వే పొడవునా కోళ్ళ షెడ్లు. అక్కడ బాంబర్లెక్కి తిరిగిరాని కుర్రాళ్ళ పేర్లు చర్చి గోడల మీద ఉంటాయి. రైతు రన్‌వే అంచు దాకా దున్నుతాడు యోబూ, దాని మీద మాత్రం దున్నడు. యుద్ధం పోయినా రన్‌వే పోదు. మొన్న రాత్రి దీన్ని కూడా చివరిదాకా నడిచి చూశాను. చెక్కుచెదరలేదు.”

ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. చరిత్ర మీద ఆమె ప్రేమ నిజమైనదే. తక్కినదంతా అబద్ధమని, చేతిలో పిస్టల్ చూశాక అర్థమైంది.

“దొనకొండలో మా టీం?”

“హాయిగా టీ తాగుతున్నారు.”

“ఎందుకు మాధవీ?”

“గ్రాంటు ఇచ్చేవాడిదే నా దేశం.”

అతని పిస్టల్ లాక్కుని, అతని టేపుతోనే అతన్ని కిటికీ చువ్వకి కట్టేసింది. ట్రైపాడ్‌ని పట్టించుకోలేదు. ఫోన్ లాక్కునే శ్రమ కూడా పడలేదు. సిగ్నల్ గుండు సున్నా.

నాలుగింటికి తెల్లటి ప్లేన్ పడమటి వైపు నుంచి దిగి, మిట్ట ఇవతలే ఆగి, వెనక్కి తిరిగొచ్చింది. దిగడానికి సగం రన్‌వే చాలు. నిండు బరువుతో లేవడానికి మొత్తం కావాలి. జీపు వెనక భాగంలోంచి ఇద్దరు దొరలు ఒక మనిషిని చంకల్లో చేతులేసి నడిపించారు. గడ్డం మాసిపోయింది, కాళ్ళు తేలిపోతున్నాయి. రాజరత్నం.

యోబు వాచీలోంచి రంపపు తీగ లాగి టేపు కోస్తున్నాడు. స్టీలు టేపు. తెగదు. వేళ్ళు తెగుతున్నాయి. మాధవి కూడా ప్లేన్ ఎక్కింది. ఇంజను హోరెత్తింది. టేపు తెగేసరికి ప్లేన్ కదిలిపోయింది.

ట్రైపాడ్ కాలు ఊడదీసి భుజానికి ఆనించాడు. టైర్లు దుమ్ములో కనపడటం లేదు. స్పష్టంగా కనపడుతున్నది ఒక్కటే: కిటికీలో రాజరత్నం తల.

ట్రిగ్గర్ మీద వేలు ఉంది. ఆర్డర్ చెవిలో ఉంది. వేలు కదల్లేదు.

ప్లేన్ మిట్ట దాటి కనుమరుగైంది. అయిపోయింది. దేశాన్నీ ముంచాడు, ఉద్యోగాన్నీ ముంచాడు. ఇక మిట్ట వెనక నుంచి అది ఆకాశంలోకి లేవడమే తరువాయి. యోబు చూస్తూ నిలబడ్డాడు. మూడు సెకన్లు. నాలుగు. లేవలేదు. పెళపెళమని శబ్దం, ఆపైన నిశ్శబ్దం.

పరిగెత్తాడు. మిట్ట అవతల, తూర్పు కొసన, రెండు వందల గజాల మేర ఎర్రటి తాజా దుక్కి. అందులో ప్లేన్ ముక్కు గుచ్చుకుని పడి ఉంది. ప్రొపెల్లర్ వంకర తిరిగింది. పక్కన ఒక ట్రాక్టరు, ముప్పైమంది జనం, చేతుల్లో కర్రలు. దొరలూ పైలటూ చేతులెత్తేశారు. మాధవి చాలులో కూలబడి మట్టిపెళ్ళని చేతిలోకి తీసుకుని చూస్తోంది.

“నార్ఫోక్‌లో అయితే కాంక్రీటు,” అంది ఎవరితోనూ కాదన్నట్టు. “నాగలి దిగదు.”

“మీరు కొలిచి పోతిరి కదా నాయనా,” అంది శ్రీశైలమ్మ భయంభయంగా. “బీడని రాసుకుంటే గుంజుకుంటారని, మొన్నటి వానకి నేల నానిందని, పొద్దున్నే ఈ కొస నుంచి దున్నడం మొదలుపెట్టినాం. సాగులో ఉందని రాసుకుంటారని. ఇమానం వస్తాదని మాకేం ఎరుక?”

రాజరత్నం ట్రాక్టరు టైరుకి ఆనుకుని కూర్చున్నాడు. నుదుట రక్తం. యోబు నీళ్ళ సీసా అందించాడు. అతను తీసుకోలేదు.

“కిటికీలోంచి చూసినా రా యోబూ. తుపాకి నా మీదికే ఉన్నింది.”

“కాల్చలేదు కదరా.”

“మనసొప్పలేదో, ఆలస్యమైందో. నాకెట్ల తెలుస్తాది?”

శ్రీశైలమ్మ తన చెంబుతో నీళ్ళిస్తే తాగాడు. నిజానికి ఏది నిజమో యోబుకీ రూఢిగా తెలియదు.

ప్లేన్‌లోని శాటిలైట్ ఫోన్‌లో నరసింహం దొరికాడు. “బ్రేవో! సైంటిస్టు సేఫ్, రింగ్ క్లోజ్. ఇక ఆ స్ట్రిప్ డిఫెన్స్ సొత్తు. చుట్టూ నాలుగు వందల ఎకరాలు ప్రొహిబిటెడ్ జోన్. ఫెన్సింగ్ సోమవారం మొదలు. లోకల్ లేబర్‌ని మాట్లాడిపెట్టు.”

“సార్, ఇక్కడి రైతులే...”

లైన్ కట్టయింది.

“ఏమంటున్నారు నాయనా గవర్నమెంటోళ్ళు?” అడిగింది శ్రీశైలమ్మ. ముప్పైమందీ చుట్టూ మూగారు.

“సోమవారం నుంచి ఇక్కడ కంచె పనికి కూలీలు కావాలంట పెద్దమ్మా.”

ఆ రెండు వారాల్లో అతను ఆమెకి చెప్పిన నిజం అదొక్కటే.