మొహమాటం లేని తలుపు

ట్రామ్ వంతెన సగం దాటగానే ప్రయాణికుల మణికట్టు మీది బ్యాండ్‌లన్నీ ఒక్కసారి చిన్నగా అదిరాయి. చాలామంది పట్టించుకోలేదు. కిటికీ పక్కన కూర్చున్న దివాకరం మాత్రం చొక్కా చెయ్యి పైకి లాగి చూసుకున్నాడు. ఇంతసేపూ ఆకుపచ్చగా వెలిగిన దీపం బూడిదరంగుకి తిరిగింది. “ఇక్కడి నుంచి మీ వివాహం చెల్లదు” అని బ్యాండ్ ఎంతో మర్యాదగా చెప్పింది. ఎదుటి సీట్లో ఉన్న డాక్టర్ సువర్చల తల పక్కకి తిప్పుకుంది. ఆ బ్యాండ్‌ని కనిపెట్టింది ఆవిడే.

ముందు ఊరి సంగతి చెప్పాలి. దాని పేరు బ్రెన్నా. ఐరోపా మ్యాపులో వెతక్కండి, దొరకదు, ఇది ఇంకా రాని కాలపు కథ. ఊరి మధ్యలోంచి ఇస్త్రా నది పారుతుంది. పడమటి ఒడ్డు వెల్దేన్ దేశం, తూర్పు ఒడ్డు కోర్మీనియా. రెండు ఒడ్లకీ వాన ఒకటే, రొట్టె ఒకటే, ట్రామ్ ఒకటే. పెళ్ళి మాత్రం ఒకటి కాదు. వెల్దేన్‌లో ఇద్దరు మగవాళ్ళు పెళ్ళి చేసుకుని, అందరు మొగుడూ పెళ్ళాల్లాగే కూర దగ్గర పోట్లాడుకుంటూ బతకొచ్చు. కోర్మీనియాలో అదే పెళ్ళిని ఒక ప్రభుత్వం ఒప్పుకుంటుంది, తరువాత వచ్చింది కొట్టేస్తుంది, ఆ తరువాతది సగం ఒప్పుకుని సగం ఆలోచిస్తుంది. ఓట్ల లెక్కింపు రోజున మనం ఎవరు గెలిచారా అని టీవీ చూస్తాం. వాళ్ళు తమకి రేపు పెళ్ళయి ఉంటుందా లేదా అని చూసేవాళ్ళు.

దివాకరం నరసాపురం మనిషి. కుర్రతనంలో ఓడ పనికి వెళ్ళి బ్రెన్నాలో దిగిపోయాడు. ట్రామ్ డ్రైవరుగా చేరి అక్కడే ముసలివాడయ్యాడు. ఆయన భర్త మాత్యాస్ బడిలో భూగోళం చెప్పేవాడు. రోజంతా వంతెన మీద అటూ ఇటూ తిరిగే ఉద్యోగం కాబట్టి, “ఈ ఒడ్డున సంసారిని, ఆ ఒడ్డున బ్రహ్మచారిని” అని దివాకరం నవ్వించేవాడు. సువర్చల పరిశోధన కోసం ఆ ఊరు వచ్చిన కొత్తలో ట్రామ్‌లో ఫోన్ పట్టుకుని తెలుగులో మాట్లాడుతుంటే, దిగేటప్పుడు డ్రైవరే ఆపి మనది ఏ ఊరని అడిగాడు. అప్పటినుంచీ ఆవిడకి ఆయన బాబాయి. ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే.

ఆ బ్యాండ్ పేరు తోడు. సువర్చల దాన్ని ఊరికే తయారుచెయ్యలేదు. ఆవిడ స్నేహితురాళ్ళు ఇద్దరు, భార్యాభార్యలు, పెంచుకున్న పాపతో పొరుగు దేశానికి విహారానికి వెళ్ళారు. వాళ్ళు అక్కడ ఉండగానే ఆ దేశపు చట్టం మారింది. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో ఇద్దరిలో ఒకామె ఆ పాపకి ఏమీ కాకుండా పోయింది. పాపని ఆ తల్లికి మళ్ళీ ఇప్పించడానికి కోర్టులకి చాలాకాలం పట్టింది. “తెలిసుంటే వెళ్ళేవాళ్ళమే కాదు” అని ఆమె ఏడ్చిన మాట సువర్చల మనసులో పడిపోయింది.

తోడు చేసే పని తేలికగానే అర్థమవుతుంది. ఏ దేశం పార్లమెంటు ఏ చట్టం చేసినా అది వెంటనే ఒక సర్వర్‌లోకి వస్తుంది. మీరు ఏ నేల మీద నిలబడ్డారో శాటిలైట్ చెబుతుంది. ఆ రెండూ కలిపి, అక్కడ మీకున్న హక్కులేమిటో బ్యాండ్ మీకూ, ఎదురుగా ఉన్న తలుపులకూ చెబుతుంది. అంటే బ్యాంకు తలుపు, బడి తలుపు, ఆస్పత్రి తలుపు. గిట్టనివాళ్ళు దాన్ని పాడుచెయ్యకుండా, తనతో సహా ఎవరూ వేలు పెట్టలేనట్టుగా సువర్చల కట్టుదిట్టం చేసింది. కాదన్న విన్నపాన్ని కూడా తలుపు మరిచిపోదు. చట్టం మారిన రోజున మళ్ళీ అడుక్కోనక్కర్లేకుండా తనంతట తనే తెరుచుకుంటుంది. అది ఆవిడ పెట్టిన దయ. అన్ని దేశాలూ తోడుని సంతోషంగా తీసుకున్నాయి. అనుమానానికి తావుండదు కదా మరి.

అంతకుముందు అనుమానానికి బోలెడంత తావుండేది. ఆ మధ్య మాత్యాస్‌కి మొదటిసారి గుండెనొప్పి వచ్చినప్పుడు తూర్పు ఒడ్డు ఆస్పత్రికే తీసుకెళ్ళారు, గుండె వైద్యం ఆ ఊళ్ళో అక్కడే. చట్టం అప్పుడూ ఒప్పుకోలేదు. వార్డు తలుపు దగ్గర ఇల్కా అనే పెద్ద నర్సు దివాకరాన్ని ఆపి, లోపలి పేషెంటు ఏమవుతాడని అడిగింది. అన్నయ్య అని చెప్పాడు ఈయన. ఆవిడ సున్నంలా ఉన్న మాత్యాస్‌నీ, నరసాపురం ఎండలో కాగిన దివాకరాన్నీ మార్చి మార్చి చూసి, ముక్కులు అచ్చం ఒకలాగే ఉన్నాయంది. కుర్చీ కూడా తెచ్చి వేసింది. ఆ రోజు నుంచీ ఇంట్లో మాత్యాస్ ఈయన్ని తమ్ముడూ అని ఏడిపించేవాడు.

ఇవాళ ఈ ట్రామ్‌లో వెళ్తున్నదీ మళ్ళీ అదే ఆస్పత్రికి. మాత్యాస్ తూర్పు ఒడ్డు సంతలో రేగుపళ్ళంత ప్లమ్ పళ్ళు బేరమాడుతూ కూలిపోయాడు. కదిలించే స్థితి లేదని డాక్టర్లు ఫోన్‌లో చెప్పారు.

వార్డు తలుపు ముందు దివాకరం నిలబడగానే ఎర్ర దీపం వెలిగింది. “సంబంధం లేదు. ప్రవేశం లేదు” అంది తలుపు. ఇల్కా పరిగెత్తుకొచ్చింది. ఇదివరకు ఆవిడ నడుముకి తాళాల గుత్తి వేలాడేది, ఇప్పుడది లేదు. అన్నదమ్ములని తలుపుతో రెండుసార్లు చెప్పింది. తలుపు వినలేదు. బ్యాండ్ తీసేస్తే అసలు మనిషి ఉన్నట్టే దానికి తెలియదు. సువర్చల తన సంస్థకి ఫోన్ చేసి, చెడిపోయిందని రాయించైనా తెరిపించమని బతిమాలింది. యంత్రం సరిగ్గానే పనిచేస్తోందని వాళ్ళు చెప్పారు. వాళ్ళకి ఆ మాట నేర్పింది కూడా ఆవిడే.

ఇల్కా లోపలికీ బయటికీ తిరుగుతూ కబుర్లు మోసింది. తమ్ముడు వచ్చాడా అని మాత్యాస్ అడుగుతున్నాడట. ఆ మాట విని దివాకరం గోడకి చెయ్యి ఆనించాడు.

“వచ్చానని చెప్పు. రానివ్వట్లేదని మాత్రం చెప్పకమ్మా. ట్రామ్ దిగి మెట్లెక్కుతున్నానని చెప్పు.”

ఆవిడ ప్రతిసారీ అదే చెప్పింది. సాయంత్రం దాకా ఆయన మెట్లెక్కుతూనే ఉన్నాడు. చివరిసారి బయటికి వచ్చినప్పుడు ఇల్కా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తిరుగు ట్రామ్‌లో సువర్చలకి ఏడుపు ఆగలేదు. దివాకరం ఆవిడ వీపు మీద చెయ్యి వేశాడు. ఓదార్చాల్సింది ఎవరు ఎవరినో ఆయనకి ఆ క్షణంలో గుర్తున్నట్టు లేదు.

“నీ యంత్రంలో తప్పేం లేదమ్మాయ్. చట్టం అప్పుడూ ఇదే. కాకపోతే ఆ ఇల్కాకి మొహమాటం ఉంది. కాదనలేకపోయింది. మా బతుకంతా అలా కాదనలేనివాళ్ళ మీదే నడిచింది. నీ తలుపుకి అదొక్కటి పెట్టడం మరిచిపోయావు.”

వంతెన సగం దాటగానే బ్యాండ్ ఆకుపచ్చగా వెలిగి, ఆయన వివాహం చెల్లుతుందని చెప్పింది.

మరుసటి వసంతంలో కోర్మీనియాలో ఎన్నికలు జరిగాయి. కొద్దిపాటి తేడాతో ప్రభుత్వం మారింది. పెళ్ళిళ్ళ చట్టం కూడా మారింది. ఆ వారంలోనే ఇల్కా రిటైరవుతోందని తెలిసి, దివాకరం ప్లమ్ పళ్ళతో పచ్చడి పెట్టి సీసాలో పోసుకుని బయలుదేరాడు. సువర్చల కూడా వెళ్ళింది. ఈసారి వంతెన మధ్యలో దీపం రంగు మారలేదు. వెనక సీట్లో ఇద్దరు అమ్మాయిలు ఒకరినొకరు కావలించుకున్నారు. దివాకరం వాళ్ళని చూసి నవ్వాడు. బాగుండాలమ్మా అని తెలుగులోనే అన్నాడు.

ఆయనకి వార్డులోకి వెళ్ళే ఉద్దేశం లేదు. ఇల్కాని బయటికి పిలుద్దామని తలుపు దగ్గరికి వెళ్ళాడంతే. ఆకుపచ్చ దీపం వెలిగింది. తలుపు రెక్కలు రెండూ విచ్చుకున్నాయి.

“మీ విన్నపం అంగీకరించబడింది. మీ భర్త మాత్యాస్ గారిని మీరు చూడవచ్చు. దయచేసి లోపలికి రండి.”

ఏం జరిగిందో సువర్చలకి అర్థమైంది. మనిషి ఎక్కడ పోతే అక్కడి చట్టం ఒప్పుకున్న దగ్గరి బంధువే ఆ సంగతి తోడుకి చెప్పాలి. ఆ రోజు తూర్పు ఒడ్డు చట్టం ప్రకారం మాత్యాస్‌కి బంధువులెవరూ లేరు. అందుకని ఎవరూ చెప్పలేదు. లోకం మొత్తం మీద ఆ తలుపు ఒక్కదానికే మాత్యాస్ ఇంకా బతికి ఉన్నాడు.

లోపల కిటికీ పక్క మంచం మీద వేరే ఎవరో నిద్రపోతున్నారు. దివాకరం పచ్చడి సీసా రెండు చేతులతో పట్టుకుని ఆ మంచం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎదురుగా మనిషి ఉన్నంతసేపూ తలుపు మూసుకోదు. లోపలి నుంచి ఇల్కా వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకి జరిపేదాకా, అది ఆయన్ని లోపలికి రమ్మని పిలుస్తూనే ఉంది.